గొట్టంలో సీసం అంటుకుంటోందా? ముందు కొలత చూడండి

ప్రశ్న: బాబాయ్ గారూ, నేను టెక్సాస్‌లో ఉంటాను. సెలవుకి అమ్మావాళ్లింటికి వచ్చాను. టెక్సాస్‌లో నాకు .44 మాగ్నమ్ రివాల్వర్ ఉంది. సీసం కరిగించి బుల్లెట్లు నేనే పోసుకుని, తూటాలు నేనే నింపుకుంటాను. ముప్పై కాల్చేసరికి బ్యారెల్ మొదట్లో సీసం పేరుకుపోయి గురి చెదిరిపోతోంది. సీసం మెత్తగా ఉందేమోనని పాత ప్రెస్సుల లైనోటైపు లోహం కలిపి గట్టిగా పోశాను. ఇంకా ఎక్కువైంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: బాబూ, అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో ఉన్న రోజుల్లో నేనూ సరిగ్గా ఇదే చేశాను. సీసం అంటుకుంటే గట్టి లోహం పోయాలని ఎవరో చెప్పారు, నమ్మాను. ఒక శీతాకాలమంతా బ్యారెల్ గీకడంతోనే సరిపోయింది.

బుల్లెట్ వెనక మందు కాలి పుట్టే వాయువు దారి దొరికితే పక్కనుంచి జారిపోతుంది. ఆ వేడికి బుల్లెట్ అంచు కోసుకుపోయి, ఆ సీసమే బ్యారెల్‌కు పూతలా పడుతుంది. మెత్తటి బుల్లెట్ ఒత్తిడికి కాస్త ఉబ్బి ఆ సందు మూస్తుంది. లైనోటైపు కలిసిన గట్టి బుల్లెట్, అందులోనూ మందు తక్కువగా నింపిన తేలిక లోడ్‌లో, ఉబ్బదు. నీకు ఇంకా ఎక్కువైంది అందుకే. లోహం గట్టిదనాన్ని కొలిచే బ్రినెల్ లెక్కలో శుద్ధ సీసం సుమారు 5, లైనోటైపుది సుమారు 22. మామూలు .44 పనికి 12 నుంచి 15 మధ్య చాలు.

అసలు చూడాల్సింది కొలత. బెంగళూరు పీణ్యా ఫ్యాక్టరీల్లో లేత్ మీద పనిచేసేవాళ్లు అంగుళంలో వెయ్యో వంతుని ‘థౌ’ అంటారు. మన కథంతా ఒకటి రెండు థౌల్లోనే ఉంది. రివాల్వర్‌లో ముందు సిలిండర్ చూడు. ఒక్కో గది ముందు భాగంలో సన్నబడిన నోరు ఉంటుంది, దాన్నే థ్రోట్ అంటారు. రివాల్వర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, నీ బుల్లెట్‌ని ముందు వైపు నుంచి అందులో పెట్టు. వేలితో నెడితే వెళ్లాలి. దానంతటదే జారిపడితే బుల్లెట్ చిన్నది. ఎంత నెట్టినా కదలకపోతే థ్రోట్ ఇరుకు. ఆరు గదులూ చూడు, ఆరూ ఒకేలా ఉంటాయనుకోకు.

తర్వాత మెత్తటి సీసపు ముద్దకు నూనె రాసి, చెక్క కడ్డీతో బ్యారెల్ గుండా నెట్టి, బయటికొచ్చిన ముద్దను మైక్రోమీటర్‌తో కొలువు. వెర్నియర్‌ని ఈ పనికి నమ్మకు. బ్యారెల్ లోపల బుల్లెట్‌ని తిప్పే గాడులు బేసి సంఖ్యలో ఉంటే మామూలు మైక్రోమీటర్ కూడా తప్పు చెబుతుంది. బ్యారెల్ గాడుల కొలత కంటే థ్రోట్ చిన్నదైతే బుల్లెట్ బ్యారెల్‌లోకి రాకముందే నలిగి సన్నబడుతుంది. అప్పుడు ఏ లోహం పోసినా లాభం లేదు, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర థ్రోట్లు రీమర్‌తో కాస్త వెడల్పు చేయించు. ముద్దను నెడుతున్నప్పుడు బ్యారెల్ ఫ్రేమ్‌లోకి బిగిసే చోట బిగుతుగా తగిలితే అక్కడ ఇరుకు ఉన్నట్టు. అది కూడా ఆయనకు చెప్పు.

నా రివాల్వర్ థ్రోట్లు 0.432 అంగుళాలు. నేను బుల్లెట్లను డై అనే అచ్చులోంచి నెట్టి 0.429కి సైజు చేసేవాణ్ణి. మూడు థౌల సందు! 0.432 సైజింగ్ డై కొని, కారు చక్రాల బ్యాలెన్సింగ్‌కి వాడే బరువుల సీసంలో కొంచెం తగరం కలిపి పోశాను. తూటా గదిలోకి తేలిగ్గా వెళ్తోందని చూసుకుని కాల్చితే, అరవై దాటినా బ్యారెల్ అద్దంలా ఉంది. ఆ సాయంత్రం ఎంత సంతోషించానో ఇప్పటికీ గుర్తు.

కొలత కుదిరాకే మందు జోలికి వెళ్లు. అచ్చయిన లోడింగ్ పుస్తకంలో పోత బుల్లెట్‌కి, అదే బరువుకి ఇచ్చిన మొదటి లోడ్‌తో మొదలుపెట్టు. గరిష్ఠం దాటకు. బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేస్‌లోకీ, అంటే తూటా ఇత్తడి తొడుగులోకి, టార్చి వేసి చూడు, రెండుసార్లు పడిన మందు అక్కడే దొరుకుతుంది. క్రింప్, అంటే కేస్ అంచుని బుల్లెట్ మీదికి నొక్కిన బిగింపు, సరిపోయిందా అంటే, తూటా పొడవు ముందే కొలిచి, ఐదు కాల్చి, ఆరోదాన్ని తీసి మళ్లీ కొలువు. పొడవు పెరిగితే కుదుపుకి బుల్లెట్ ముందుకు జరుగుతోందన్నమాట. ఇంకొంచెం జరిగితే సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది.

ప్రశ్న: నాకు లైసెన్స్ ఉన్న .32 రివాల్వర్ ఉంది. ఖాళీ కేసులు ఇంట్లో నింపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

జవాబు: వద్దు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్స్ కావాలి. రివాల్వర్ లైసెన్స్ దానికి చెల్లదు. అధీకృత డీలర్ దగ్గరే కొనండి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మొదటి ఉత్తరం మా అబ్బాయిదే. సీసం పోసేది టెక్సాస్ ఇంటి గరాజ్‌లో. మనవడికి మూడేళ్లు, అక్కడే సైకిలు తొక్కుతాడు. నాకు టెన్షన్‌గా ఉంది.
– అతని తల్లి

జవాబు: చెల్లెమ్మా, మీ టెన్షన్ న్యాయమైనదే. పిల్లలకు ప్రమాదం ఎక్కువగా దుమ్ముతోనే. సీసం కరిగించే కుండ మీద తేలే మడ్డి తీసినప్పుడు లేచే పొడి నేల మీద పడి, చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. మీవాడు ఆ పని గరాజ్‌లోంచి పూర్తిగా తీసేయాలి. గాలి ఆడే వేరే చోట, వేరే బట్టలతో చేసి, ఆ బట్టలు విడిగా ఉతికి, సబ్బుతో చేతులు కడుక్కునే ఇంట్లోకి రావాలి. గరాజ్ నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఇంకో మాట కూడా వాడికి చెప్పండి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, నీళ్లు 100కే ఆవిరవుతాయి. టూసాన్‌లో జూలై వానలప్పుడు చెమ్మ పట్టిన ముక్క ఒకటి నిండు కుండలో వేశాను. కుండ పేలినట్టై సీసం కప్పుకి తగిలింది. ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఆ రోజు పక్కన పిల్లలెవరూ లేరు.

మనవడికి రక్తంలో సీసం పరీక్ష చేయించమనండి, వేలి చుక్కతో కాకుండా నరం నుంచి తీసిన రక్తంతో. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లల్లో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే పట్టించుకోమంటోంది. అబ్బాయి ఇక్కడ ఉండగానే కోడలికి ఫోన్ చేసి, ఈ వారమే పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోమనండి.