కూర్చుంటున్నాడా, కూర్చుని ఉన్నాడా?

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు,

శ్రీకాకుళం నుంచి నువ్వు పంపిన అనువాద కథను మూలం పక్కన పెట్టుకుని చదివాను. మాటల అర్థాలన్నీ సరిగ్గానే పట్టుకున్నావు. చిక్కంతా ఇంగ్లీషు క్రియ చివరి ‘ఇంగ్’ దగ్గరే వచ్చింది. అది కనిపించిన ప్రతిచోటా ‘తున్నాడు’ అని రాసుకుంటూ పోయావు.

మొదటి పుటలోనే ముసలాయన ‘అరుగు మీద కూర్చుంటున్నాడు’. అంటే ఆయన ఇంకా నడుము వంచుతున్నాడన్నమాట. ఇంగ్లీషు ‘సిట్టింగ్’ కూర్చునే పనికీ, కూర్చున్నాక ఉండే స్థితికీ సరిపోతుంది. మనకు ఆ స్థితికి వేరే రూపం ఉంది: కూర్చుని ఉన్నాడు, నిలబడి ఉన్నాడు, పడుకుని ఉన్నాడు. బట్టల సంగతీ అంతే. ‘ఎర్ర చీర కట్టుకుంటోంది’ అంటే ఇంకా కుచ్చెళ్లు పోసుకుంటోంది. ‘కట్టుకుంది’ అంటే ఆ చీరలో మన ఎదుట ఉంది. ‘వేరింగ్’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, పని జరుగుతోందా, జరిగి నిలిచిందా అని చూడు.

‘హావ్ బీన్ టీచింగ్’ను ‘బోధిస్తూ ఉండి ఉన్నాను’ అన్నావు. మూడు ముక్కలకు మూడు ముక్కలు అక్కర్లేదు. ‘ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను’ చాలు, గడిచిన కాలమంతా ఆ ‘గా’ మోస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది కోడలి వాక్యం. మామగారు ‘ఎప్పుడూ ఫిర్యాదు చేస్తున్నాడు’ అని రాశావు. ‘ఆల్వేస్’ పక్కన చేరిన ఆ ‘ఇంగ్’లో ఉన్నది కాలం కన్నా విసుగు. ‘ఎప్పుడూ సణుగుతూనే ఉంటాడు’ అను. ఆ ‘నే’లోనే ఆమె ఓర్చుకున్న ఏళ్లన్నీ ఉన్నాయి. కథంతా ఆ విసుగు మీదే నడుస్తోంది కదా, అది పోతే ఆమె ఇల్లు వదిలి ఎందుకు వెళ్లిందో పాఠకుడికి అందదు.

మీ జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను సవరల నోటినుంచే నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. నీకు ఇంగ్లీషు వ్యాకరణాలు చేతికందేంత దూరంలో ఉన్నాయి, తప్పక చదువు. తెలుగు వాక్యం కోసం మాత్రం మీ ఊరి బస్సు కాంప్లెక్సులో ఓ గంట కూర్చో. ఎదుట ఉన్నవాళ్లలో ఎవరు ఏం చేస్తున్నారో, ఎవరు ఎలా ఉన్నారో విడివిడిగా రాసుకో. ఆ తరువాత ఈ కథ మళ్లీ తెరువు.

కోడలి వాక్యం ముందు సరిచేసి పంపు. ఎదురుచూస్తూ ఉంటాను.