అమ్మను గోండిలోనే చెప్పుకోనివ్వండి

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. నేను డిగ్రీ చదువుతున్నాను. నాన్న పోయి ఏడు నెలలైంది. అప్పటి నుంచి అమ్మ (46) సరిగా తినడం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. ఒళ్లంతా మంటలంటుంది. దీపావళికి దండారి నృత్య బృందం వచ్చి డప్పులు మోగినా గడప దాటలేదు. ఆర్‌ఎంపీతో నాలుగుసార్లు సెలైన్ పెట్టించాం. అమ్మకు తెలుగు అంతంతమాత్రం. ఎక్కడ చూపించాలి?

జవాబు: మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ దండారి సంగతే. ఏడాదంతా ఎదురుచూసే పండుగ ఇంటి ముందుకు వచ్చినా మనిషి కదలలేదంటే, అది మామూలు దుఃఖాన్ని దాటిపోయింది. నిద్ర, ఆకలి, ఆసక్తి మూడూ ఇంతకాలంగా లేకపోవడం డిప్రెషన్‌ను సూచిస్తోంది. ఒళ్లు మంటలు కూడా అందులో భాగమే కావచ్చు. మనసు బాధను చాలామంది ఒంటి బాధగానే చెబుతారు. సెలైన్‌తో అది తగ్గదు.

ముందు ఉట్నూరు ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. గోండుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష కూడా అడగండి. తర్వాత ఆదిలాబాద్ రిమ్స్‌లో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ప్రభుత్వ వైద్యంలో మానసిక చికిత్స పొందడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. వెళ్లేలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. తెలుగులో మాట్లాడతారు. గోండి తెలిసినవారు దొరక్కపోవచ్చు కాబట్టి అమ్మ పక్కన ఒకరు కూర్చోవాలి.

ఆ ఒకరు ఎవరన్నది చాలా ముఖ్యం. కొన్నేళ్ల క్రితం ఇలాంటి తల్లే ఒకామె కొడుకుతో నా దగ్గరికి వచ్చారు. తెలుగులో అడిగితే ‘ఒళ్లు నొప్పులు’ అని ఊరుకున్నారు. వారి భాషలో అడగమని కొడుకుకు చెప్పాను. పావుగంట మాట్లాడుకున్నారు. చివరికి అతను నాకు చెప్పింది రెండే ముక్కలు. మరోసారి ఆశా కార్యకర్త వెంట వచ్చినప్పుడు తెలిసింది, ఆ రోజు ఆమె చచ్చిపోవాలని ఉందని కొడుకుతో అన్నారట. ఆ మాట అతని నోట రాలేదు. అతనిని తప్పుపట్టలేను, ఏ బిడ్డకైనా అది పలకరాని మాట. అందుకే మీతో పాటు పిన్నినో, మీ భాష వచ్చిన ఆశా కార్యకర్తనో తీసుకెళ్లండి. డాక్టరు తొందరపెడితే ‘అమ్మ మాట పూర్తయ్యేదాకా ఆగండి, మేం చెబుతాం’ అని ధైర్యంగా అనండి.

దేవారితో (గూడెం పూజారితో) పూజ చేయించాలని పెద్దలంటే అడ్డు చెప్పకండి. అమ్మకు అది ఊరట. డిప్రెషన్‌కు డాక్టరు రాసే మందులు మానమంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఆ మందుల గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం మార్పు లేదని ఆపేస్తారు, అక్కడే చాలామంది దెబ్బతింటారు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాల్సి రావచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఈ పూటే చేయాల్సిన పని ఒకటుంది. పత్తికి కొట్టే పురుగుల మందు ఇంట్లో ఉంటే తీసి వేరేచోట తాళం వేసి పెట్టించండి. బతకాలనిపించడం లేదా అని అమ్మను సూటిగా, మెల్లగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108ను పిలవండి.

వెళ్లేటప్పుడు ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల పట్టీలు, చీటీలు అన్నీ సంచిలో వేసుకోండి. ఓపీ ఉదయం పూటే కాబట్టి మొదటి బస్సుకే బయలుదేరండి.