ఇంటర్వ్యూలో ‘పెళ్లెప్పుడు?’ అంటే ఏం చెప్పాలి: సమాధానం

చెల్లెమ్మా, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో అకౌంట్స్ ఉద్యోగానికి వెళితే ‘పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు?’ అని అడిగారన్నావు. వాళ్ల అసలు బెంగ 26 వారాల జీతంతో ఇవ్వాల్సిన ప్రసూతి సెలవు. గొడవ పడకుండా పని వైపు తిప్పు: ‘మార్చి క్లోజింగ్‌లో పొద్దుపోయేదాకా ఉంటానండీ, జీఎస్టీ రిటర్నులు గడువులోపే వేస్తాను.’ అక్కడితో ఆపెయ్. సంజాయిషీ మొదలుపెడితే ఇంకో నాలుగు ప్రశ్నలొస్తాయి. అబద్ధమూ వద్దు, తర్వాత అదే మెడకు చుట్టుకుంటుంది.

అడగడం మర్యాద కాదు సరే, చట్టం పట్టుకునేది ఆడపిల్లవని ఉద్యోగం ఇవ్వకపోవడాన్ని (2019 వేతనాల కోడ్, 3వ సెక్షన్). అందుకే ఆ రోజే తేదీ, అడిగినవారి హోదా, అన్న మాటలు ఉన్నవున్నట్టు రాసి వాళ్లకు మెయిల్ పెట్టు. మెయిల్ బదులు ఫోన్లో చెబితే రుజువుండదు. ఆడపిల్లవని ఉద్యోగం కాదంటే ఆ మెయిల్ ప్రింటుతో ఒంగోలు కార్మిక శాఖ ఆఫీసుకెళ్లు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, వదిలి రాకు, జిరాక్సులు చాలు.