ఏ పట్టుతో ఓడాడు?

చిరంజీవికి,

జపాన్ రెజ్లర్లు ముతో, తకాదా ఆడిన మ్యాచ్ మీద నీ వ్యాసం అందింది. బాగానే రాస్తావు. ఆ మాట ఇక్కడితో సరి, ఎందుకంటే చదువుతూ చదువుతూ ఒకచోట కాగితాలు బల్ల మీద పడేశాను. ఆ వాక్యం నీదే, మళ్లీ చదువుకో: "ఇద్దరు వీరులూ హోరాహోరీగా తలపడగా, చివరికి ముతో ఒక పట్టుతో తకాదాను లొంగదీసుకున్నాడు."

ఒక పట్టు! ఏ పట్టమ్మా?

ఆ మ్యాచ్ జరిగిన 1995 అక్టోబర్ 9న టోక్యో డోమ్ స్టేడియంకి 67 వేల మంది వచ్చారని ప్రకటించారు. తకాదా అభిమానులకి మింగుడుపడనిది ఓటమి ఒక్కటే కాదు, అతను ఫిగర్ ఫోర్‌కి ఓడటం. కాళ్లని ఇంగ్లిష్ నాలుగు అంకెలా మడిచి మోకాలు నొక్కే ఆ పాతకాలపు పట్టు. కేబుల్ టీవీ రోజుల్లో మన పిల్లలు కూడా మంచాల మీద ఒకరి మీద ఒకరు ప్రయోగించుకున్నదే. దాన్ని వదిలేసి "ఒక పట్టు" అంటే, హత్య కథ రాసి హతుడి పేరు మర్చిపోయినట్టుంది.

తకాదా ఎవరో ఒక పేజీ రాశావు, అతని ఇంటి నియమాలేవో ఒక్క ముక్క రాయలేదు. 1991లో మొదలైన అతని రెజ్లింగ్ కంపెనీ యూడబ్ల్యూఎఫ్ ఇంటర్నేషనల్‌లో తాళ్లకేసి పరుగెత్తడాలు లేవు, స్తంభమెక్కి దూకడాలు లేవు, భుజాలు నేలకానించి మూడు లెక్కపెట్టడం లేదు. సింగిల్స్‌లో ఒక్కొక్కరికి 15 పాయింట్లు. పట్టు తప్పించుకోడానికి తాడు పట్టుకుంటే ఒకటి పోతుంది, దెబ్బకి కింద పడితే మూడు పోతాయి. మిగతా కంపెనీలు ఆడేది ఆట, మేం చేసేది అసలు పోరు అని వాళ్ల ధీమా. ఆ ధీమాకి నిలువెత్తు మనిషి నొబుహికో తకాదా, అతని ఆయుధం కాలు. కాలికి గార్డులు కట్టుకుని తొడల మీద, ఛాతీ మీద తన్నేవాడు.

కెయిజి ముతో అమెరికాలో ముఖానికి రంగులేసుకుని గ్రేట్ మూతా పేరుతో ఆడినవాడు. పై తాడు మీంచి వెనక్కి పల్టీకొట్టి మీద పడే మూన్‌సాల్ట్ అతనికి పేరు తెచ్చింది, మోకాళ్లూ తీసుకుపోయింది. అప్పటికి అతని కంపెనీ న్యూ జపాన్ ఛాంపియన్ బెల్ట్ అతని నడుముకే ఉంది. ఇద్దరూ ఒకే న్యూ జపాన్ శిక్షణశాలలో అన్నం తిన్నవాళ్లు. ఈ సంగతి నువ్వు రాశావు, సంతోషం.

ఇప్పుడు ఆ ముగింపు చూడు. తన్నడానికి లేచిన కాలినే ముతో పట్టుకుంటాడు. దాన్ని పొట్టకి అదుముకుని తను లోపలికి గిర్రున తిరుగుతాడు. డ్రాగన్ స్క్రూ అంటారు. కాలుతో పాటు మనిషీ తిరగాలి, లేకపోతే మోకాలు తిరుగుతుంది. తర్వాత అదే మోకాలి మీద ఫిగర్ ఫోర్. అసలు పోరు మాదే అన్న కంపెనీ పెద్దకొడుకు షో రెజ్లింగ్ పాత పట్టుకి లొంగిపోయాడు. ఆ పట్టు జపాన్‌కి కొత్త కూడా కాదు. 1963 మే 24న ముసుగు వేసుకున్న అమెరికన్ రెజ్లర్ డిస్ట్రాయర్ అదే పట్టుతో జపాన్ రెజ్లింగ్ హీరో రికిడోజాన్‌ని బిగిస్తే దేశం టీవీల ముందు కూర్చుంది. రేటింగ్ 64 శాతం. డోమ్‌లో నెరిసిన తలలకి అదంతా గుర్తుండదా?

"ఫలితం ముందే నిర్ణయించినదే అయినా" అని క్షమాపణ చెప్పుకున్నావు చూడు, ఆ పేరా కొట్టెయ్. ముందే నిర్ణయించారు కాబట్టే అడగాలి, వేరే పట్టు ఎందుకు నిర్ణయించలేదని. తకాదా కంపెనీకి డబ్బు ఇబ్బంది, న్యూ జపాన్‌కి డోమ్ నిండాలి. ఎవరి పంతం నెగ్గిందో ఆ మోకాలి మీదే రాసుంది.

నేను ఈ విషయంలో మొండివాణ్నని నీకు ఎవరో చెప్పే ఉంటారు. ఒక దినపత్రికకి ఊళ్ల కుస్తీ పోటీల గురించి రాసేవాణ్ని. ఎవడు ఎవడి మెడ కింద చెయ్యి దూర్చాడో, బరువు ఏ కాలి మీద పడిందో రాసి పంపితే, అక్కడి సబ్ ఎడిటర్ అంతా కోసేసి "హోరాహోరీగా తలపడ్డారు" అని అతికించేవాడు. పాఠకులకి అర్థం కాదట! కుస్తీ చూడటానికి ఎడ్లబండ్లు కట్టుకొచ్చిన జనానికి అర్థం కాదా? తర్వాత ఒక వారపత్రిక కథ తిప్పి పంపింది: "కుస్తీ ఎక్కువ, జీవితం తక్కువ." ఇప్పుడా ఫ్యాషన్ ముదిరింది. ఎవరి గురించి రాసినా పేద తల్లి, చిరిగిన చెప్పులు, కన్నీళ్లు. మనిషి చేసే పని మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఆ రోజుల్లోనే హైదరాబాద్ పాతబస్తీ తాలీంఖానాలో ఒక ముసలి ఉస్తాద్ నన్ను మట్టిలో పడుకోబెట్టి కాలు మెలిపెట్టాడు. "ఇప్పుడు రాయి" అన్నాడు. వారం కుంటుతూ తిరిగాను. మా ఆవిడ పసుపు పట్టు వేస్తూ తిట్టిన తిట్లు కథలో పెట్టలేదు, పెట్టాల్సింది.

నీ ముగింపు 1997 అక్టోబర్ 11 మీద పెట్టావు: అదే డోమ్‌లో, ప్రైడ్ అనే నిజం పోరు పోటీల మొదటి రోజున బ్రెజిల్ జుజుత్సు యోధుడు రిక్సన్ గ్రేసీ చేతిలో తకాదా ఓటమి. అందరూ అక్కడే పెడతారు. దానికంటే 1996 జనవరి 4 చూడు. మళ్లీ డోమ్, మళ్లీ ఇద్దరే. ఈసారి తకాదా చెయ్యి విరిచే తన పట్టుతో ముతోని ఓడించి బెల్ట్ తీసుకున్నాడు. ఏప్రిల్ 29న న్యూ జపాన్ రెజ్లర్ హషిమోతో దాన్ని లాగేసుకున్నాడు. ఆ డిసెంబరులో తకాదా కంపెనీ మూతపడింది. వీటికి రెండు వాక్యాలు చాలు.

పారితోషికం, ఇంగ్లిష్‌లో రాయడం, యూట్యూబ్ గురించి ఏదో అడిగావు. ఉత్తరం పెద్దదైపోయింది.

ఆ 16 నిమిషాల మ్యాచ్ మళ్లీ చూడు, సౌండ్ తీసేసి. తకాదా బరువు ఎప్పుడు ఏ కాలి మీదకి మారుతుందో ఒక పేజీ రాసి పంపు. వ్యాసం తర్వాత చూద్దాం.