సీ-క్లాసా, ఈ-క్లాసా అని అడిగే ముందు వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: రాయగడలో ఉంటారు, బెంజ్‌లో సీ-క్లాస్, ఈ-క్లాస్ రెండూ డీజిల్‌లో చూశారు, ఇరవై లక్షలకు పైగా తేడా వస్తోంది, అంత తేడాకు తగ్గ బండేనా అని. నాన్నగారికి మోకాళ్ల నొప్పులని, విశాఖకు తరచూ తీసుకెళ్లాలని కూడా రాశారు. ఆ చివరి మాట చూసే ఇంత రాస్తున్నాను. నేను ఒడిశా జయపురంలో ఒకే కుటుంబం దగ్గర ఏళ్లుగా డ్రైవర్‌గా ఉన్నాను. వాళ్లింట్లో ఈ రెండు బళ్లూ ఉన్నాయి, రెండూ నా చేతిలో తిరిగినవే.

ముందు ఇంజన్ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ అక్కడే ఆగిపోతారు. సీ 220డీలో ఉన్నదీ ఈ 220డీలో ఉన్నదీ ఒకటే 1993 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. టార్క్, అంటే బండిని లాగే బలం, రెండింటికీ 440 న్యూటన్ మీటర్లే. గేర్‌బాక్స్ కూడా రెండింట్లో తొమ్మిది గేర్ల ఆటోమేటిక్కే. పెద్ద బండిలో పెద్ద ఇంజన్ ఉంటుందనుకుని కొనేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఘాట్ ఎక్కేటప్పుడు నిజానికి సీ-క్లాసే హుషారుగా ఎక్కుతుంది, మోయాల్సిన బరువు తక్కువ కదా.

మరి ఆ డబ్బంతా ఎక్కడికి పోయింది? వెనక సీట్లోకి. 2022 మేలో ఇక్కడికి వచ్చిన సీ-క్లాస్ వీల్‌బేస్ (ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం) 2865 మిల్లీమీటర్లు. 2024 అక్టోబరులో వచ్చిన ఈ-క్లాస్‌ది 3094. సుమారు తొమ్మిది అంగుళాల తేడా. చాలా దేశాల్లో అమ్మే ఈ-క్లాస్ ఇంత పొడుగుండదు. మన దేశంలో మాత్రం 2017 నుంచి పొడుగు బండే అమ్ముతున్నారు, పుణె దగ్గర చాకణ్‌లో తయారు చేస్తున్నారు. ఇక్కడ ఆ బండి కొన్నవాళ్లు వెనక కూర్చుంటారని కంపెనీకి బాగా తెలుసు. కొన్నవాళ్లకే తెలియదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

పోయిన వానాకాలం మా అమ్మగారికి (అంటే మా అయ్యగారి తల్లికి) విశాఖలో మోకాలి ఆపరేషన్ చేయించారు. వెళ్లే రోజుకి పెద్ద బండి సర్వీసులో ఉండడంతో సీ-క్లాస్‌లోనే తీసుకెళ్లాను. ఆవిడకు డెబ్బై దాటాయి. సీ-క్లాస్ వెనక తలుపు ఎంత బార్లా తెరిచినా ముందు వెనక్కి తిరిగి సీటు మీద కూలబడాలి, తల వంచాలి, ఆ తర్వాత కాళ్లు ఒక్కొక్కటే లోపలికి లాక్కోవాలి. మోకాలు బాగా మడిస్తే తప్ప కాలు లోపలికి రాదు. ఆవిడ రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని, పళ్లు బిగించి, కాలు ఎత్తి లోపల పెట్టుకున్నారు. సాలూరులో టీకి ఆపి దిగమంటే, "దిగితే మళ్లీ ఎక్కాలి కదా బాబూ, వద్దులే" అని బండిలోనే ఉండిపోయారు. విశాఖ దాకా మంచినీళ్లు కూడా సరిగా తాగలేదు, దిగాల్సి వస్తుందని.

ఆపరేషన్ అయ్యాక తీసుకొచ్చింది ఈ-క్లాస్‌లో. అబ్బాయిగారు (అయ్యగారి కొడుకు) సీ-క్లాస్ నడుపుకుంటూ మా వెనకే వచ్చారు. ముందు ఎడమ సీటుని పూర్తిగా ముందుకు జరిపేశాను. తలుపు పొడుగు కాబట్టి కట్టుతో ఉన్న కాలు చాపింది చాపినట్టే లోపలికి వచ్చేసింది. వెనక సీటు 36 డిగ్రీల దాకా వాలుతుంది, తొడల కింద భాగం ఇంకో 40 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. మోకాలి కింద తలగడ పెట్టి, చున్నీ కప్పితే గజపతినగరం రాకముందే నిద్రపోయారు. వాకర్ డిక్కీలో పెట్టేశాను. సీ-క్లాస్ డిక్కీలో అయితే స్టెప్నీయే చోటంతా ఆక్రమిస్తుంది, వెళ్లేటప్పుడు బ్యాగులు అబ్బాయిగారి ఒళ్లో పెట్టుకోవాల్సి వచ్చింది. డాక్టరు చెప్పినట్టు మధ్యమధ్య ఆపి నడిపించాను. ఈసారి సాలూరులో ఆవిడే అడిగి మరీ దిగి టీ తాగారు.

సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్ సగం ఎక్కేసరికి వాన పట్టుకుంది. పైన మలుపులో ఒక లారీ యాక్సిల్ విరిగి అడ్డంగా ఆగిపోయింది. ఆ దారిలో తిరిగేవాళ్లకు ఇది కొత్త కాదు. కిందా పైనా లారీలు బారులు తీరాయి. కాసేపటికి కొండ పక్కన, నీళ్ల కాలువని ఆనుకుని, చిన్న బళ్లు పట్టేంత సందు చేశారు. లారీ క్లీనర్ కుర్రాడొకడు గోనెసంచి తల మీద వేసుకుని ఒక్కో బండినీ దాటిస్తున్నాడు. నా ముందు సందులోకి అబ్బాయిగారిని పంపాను. 4751 మిల్లీమీటర్ల సీ-క్లాస్ ఒక్క తిప్పులో మలుపు తిరిగి పైకి వెళ్లిపోయింది.

నా బండి పొడుగు 5092. ముక్కు లారీ టైరు దగ్గరికి వెళ్లింది, తోక ఇంకా రోడ్డు మధ్యలోనే ఉంది. వెనక్కి తీసి మళ్లీ తిప్పాను. మలుపు లోపలి అంచున తారు లేచిపోయి, నడిబొడ్డున రాయి గూనిలా పైకి తేలి ఉంది. ముందు చక్రాలు దాటాయి, వెనక చక్రాలు దాటాలి, ఆ మధ్యలో బండి పొట్ట ఆ రాయి మీదకు వచ్చింది. కుర్రాడు "అన్నా, ఆగు!" అని చెయ్యెత్తాడు. సామాన్యంగా ఇలాంటి చోట మనుషుల్ని దించేస్తే బండి కొంచెం పైకి లేస్తుంది. కానీ అమ్మగారిని దించే వీల్లేదు. ఆవిడ కళ్లు తెరిచి, "ఏంటి బాబూ, ఆగింది?" అని అడిగారు. "లారీ అమ్మా, దాటేస్తాం" అన్నాను. నేనూ ఆ కుర్రాడూ పలక రాళ్లు ఏరి చక్రాలు నడిచే జాడల్లో పరిచాం. బండిని ఏటవాలుగా పెట్టి, ఒక్కో చక్రం రాళ్ల మీదకు ఎక్కిస్తూ, బ్రేకు మీద కాలు తీయకుండా అంగుళం అంగుళం దాటించాను. రాయి తగలలేదు.

రెండు బళ్లకీ తేడా ఏమిటో ఆ ఒక్క మలుపులో తేలిపోయింది. నడిపేవాడికి సీ-క్లాస్. కూర్చునేవాళ్లకి ఈ-క్లాస్. బండ్ల గురించి వీడియోలు చేసేవాళ్లు ఎక్స్‌ప్రెస్‌వే మీద నడిపి, స్క్రీన్ ఎన్ని అంగుళాలో చెప్పి వదిలేస్తారు. సీ-క్లాస్‌లో 11.9 అంగుళాల స్క్రీన్ ఉంది, చూడటానికి ముందు భాగమంతా ఎస్-క్లాస్ లాగే ఉంటుంది, నిజమే. దానివల్ల మోకాలు నొప్పి తగ్గదు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషిని ఎక్కించి దించి చూపించిన ఒక్క వీడియో నాకు కనపడలేదు.

ఇంకో సంగతి. ఏ బండి కొన్నా స్టీరింగ్ వెనక ఎడమ వైపు ఉన్న ప్యాడిల్ (చేత్తో గేరు మార్చే చిన్న మీట) వాడటం నేర్చుకోండి. ఘాట్ దిగేటప్పుడు అది లాగి గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. ఆ మధ్య ఒక సర్వీస్ సెంటర్‌లో బ్రేక్ ప్యాడ్లు అరిగాయని చూపించి, "మీ డ్రైవర్ సరిగా నడపట్లేదు" అని అయ్యగారితో చెప్పారు. వారం వారం కొండ ఎక్కి దిగే బండికీ, ఊళ్లో తిరిగే బండికీ ప్యాడ్లు ఒకేలా అరుగుతాయా? అయ్యగారు నన్ను నమ్మారు కాబట్టి సరిపోయింది. ఇంకొకరి దగ్గరైతే ఉద్యోగం పోయేది. అలాగే యాడ్‌బ్లూ, అంటే డీజిల్ పొగని శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం. రెండు డీజిళ్లకీ అది పోయాల్సిందే, హెచ్చరికలు పట్టించుకోకుండా అయిపోనిస్తే బండి మళ్లీ స్టార్ట్ అవదు. లారీలకూ అదే కావాలి కాబట్టి హైవే బంకుల్లో దొరుకుతుంది, ఆ టెన్షన్ అక్కర్లేదు. అసలు టెన్షన్ ఊళ్ల మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లతో. రాత్రిపూట ఇంత పొడుగు బండితో వాటి మీదకు వెళ్లడమంటే గుండె నోట్లోకి వస్తుంది. ఎవరికి వారు మట్టీ కంకరా పోసి కట్టేస్తున్నారు, అడిగేవాళ్లు లేరు.

ఇక నేను చెప్తానన్న సంగతి. మన వైపు పెద్దమనుషులు చాలామంది ఈ-క్లాస్ కొని ముందు సీట్లో, డ్రైవర్ పక్కన కూర్చుంటారు. జీపుల్లో, అంబాసిడర్లలో ముందు కూర్చోవడమే మర్యాద అనుకున్న అలవాటు అది. ఇంట్లో ముసలివాళ్లు వెనక ఇరుకున కూర్చుంటారు, వాళ్ల కాళ్ల మీదకు ముందు సీటు వెనక్కి జరిపి ఉంటుంది. ఆ తొమ్మిది అంగుళాల కోసం లక్షలు పోసి, మళ్లీ వాటిని ముందు సీటుకి ఇచ్చేయడం నాకు చూడబుద్ధి కాదు. వెనక ఎడమ సీటు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లది. ముందు ఎడమ సీటు ఖాళీగా ఉండాలి, ముందుకు జరిపి ఉండాలి. అలా చేయలేకపోతే సీ-క్లాస్ కొనుక్కుని మిగిలిన డబ్బు దాచుకోండి.

ఎస్-క్లాస్ మీరు అడగలేదు. దాని వీల్‌బేస్ 3216, ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది కాబట్టి బండిని కొంచెం పైకి లేపుకోవచ్చు. ధర మాత్రం కోటి దాటిపోతుంది, వదిలేయండి.

మీ విషయానికి వస్తే ఈ-క్లాసే తీసుకోండి. రాయగడ నుంచి మీ దారి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా కాబట్టి మాకున్నంత మలుపుల బాధ మీకు ఉండదు. రోజూ మీరే నడుపుకుంటూ గుణుపురం వైపు పనుల మీద తిరిగేట్టయితే, నాన్నగారు ఎప్పుడో గానీ ఎక్కరు అంటే, అప్పుడు సీ-క్లాస్. షోరూమ్‌కి ఒంటరిగా వెళ్లకండి, నాన్నగారిని తీసుకెళ్లండి. రెండు బళ్లలోనూ వెనక ఎడమ తలుపు నుంచి ఆయన్ని తనంతట తాను ఎక్కి దిగమనండి, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఎవరూ చెయ్యి ఇవ్వకండి. సేల్స్ కుర్రాడు తొందరపెడితే బయట కూర్చోమనండి.