రాసుకోవడానికి ఐదు రోజులు, పద్దెనిమిది వేలా?

ప్రశ్న: మా అమ్మాయి కడప యోగి వేమన యూనివర్సిటీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేస్తోంది, నాలుగో ఏడు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. హార్స్‌లీ హిల్స్‌లో ఐదు రోజుల రైటింగ్ రిట్రీట్‌కు, అంటే ఇల్లు వదిలిపోయి అందరూ కలిసి కూర్చుని రాసుకునే క్యాంపుకు పోతానంటోంది. ఫీజు రూ.18,000. ఆ రాసేదేదో ఇంట్లోనే రాసుకోకూడదా? అసలు ఈ థీసిస్ ఎప్పటికైనా అవుతుందా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: మీ అసలు భయం చివరి ప్రశ్నలో ఉంది. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల కింద రిజిస్టరయి ఉంటే పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లు. రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు ఇచ్చే వీలుంది. నాలుగో ఏట రాత దగ్గర ఆగిపోవడం మామూలే. డేటా చేతికొచ్చి ఉంటే కంగారు పడకండి.

ఇంట్లో రాసుకోవడం సంగతా? ల్యాప్‌టాప్ తెరిచాక అమ్మాయిని ఎన్నిసార్లు పిలుస్తున్నారో ఒక్కరోజు లెక్కపెట్టండి. వచ్చినోళ్లకు టీ, గ్యాస్ బండి, తమ్ముడి అప్లికేషన్. ‘ఊరికే కూర్చునే ఉంది కదా’ అనేది మీరే, ఇంకా కాలేదా అని అడిగేదీ మీరే.

అలాగని వెంటనే ఫీజు కట్టమనను. ఈ మధ్య ఇదో ఫ్యాషన్. యోగా, ట్రెక్కింగ్, క్యాంప్‌ఫైర్, మోటివేషన్ క్లాసులు పోగా రాతకు రోజుకు రెండు గంటలు కూడా మిగలని రిట్రీట్లున్నాయి. ‘పేపర్ పబ్లికేషన్ గ్యారంటీ’ అని కనిపిస్తే అక్కడితో వదిలేయండి. పేపర్ వేసుకోవాలో వద్దో తేల్చేది జర్నల్ (పరిశోధన పత్రిక) వాళ్లు, కొండమీద క్యాంపు పెట్టినోళ్లకు అందులో పనేముంది? పనికొచ్చే రిట్రీట్ చూడ్డానికి చప్పగా ఉంటుంది. అందరూ ఒకే గదిలో ఫోన్లు పక్కన పెట్టి, గంట, గంటన్నర చొప్పున రోజుకు నాలుగు విడతలు రాస్తారు. ప్రతి విడతకు ముందు ఏం రాయబోతున్నదీ, అయ్యాక ఎంత రాసిందీ పక్కవాళ్లకు చెప్పాలి. ముందే టైంటేబుల్ తెప్పించుకోండి. మొదటి చిత్తు తెలుగులో రాయనిస్తారా, ఫీజు రాయితీ ఉందా అని అడగండి. పసిబిడ్డల తల్లులకు, చూపులేని స్కాలర్లకు ఏం ఏర్పాటు చేశారో కూడా కనుక్కోండి. పోస్టర్ మీద ‘అన్ని నేపథ్యాల వారికీ స్వాగతం’ అని వేసుకున్నంత మాత్రాన కాదు.

డేటా విశ్లేషణ ముగియకుండా పోతే డబ్బు దండగ. పుస్తకాలు మోసుకుపోయిన వాళ్లు అక్కడ చదువుతూనే ఐదు రోజులూ గడిపేస్తారు. టేబుళ్లు ప్రింట్ తీసుకుని, నోట్సు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని పోవాలి. ‘మూడో చాప్టర్ రాస్తా’ అనుకుంటే సాగదు. ‘వేరుశనగ రైతుల అప్పుల టేబుల్ మీద 600 పదాలు’ అనుకుంటే ఒక విడతకు సరిపోతుంది. సోర్సు గుర్తురాకపోతే వెతుకుతూ కూర్చోకుండా అక్కడ గుర్తు పెట్టి ముందుకు పోవాలి. ఇంగ్లిష్ రాదన్న భయంతో వేరే థీసిస్‌లోంచి పేరాలు మాత్రం ఎత్తొద్దనండి. 2018 యూజీసీ నిబంధనల్లో వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాటితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

పద్దెనిమిది వేలు బరువనుకుంటే నలుగురు స్కాలర్లు కలిసి డిపార్ట్‌మెంట్‌లో ఓ గది అడిగి, శని ఆదివారాలు ఇదే టైంటేబుల్ పెట్టుకోవచ్చు. అయ్యే ఖర్చు టీ, భోజనాలే. నాలుగు వారాలు సాగితే రిట్రీట్ అవసరమే ఉండకపోవచ్చు.

ఎక్కడికి పోయొచ్చినా, ఇంట్లో పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా తలుపు వేసుకుంటే పిలవకండి. టీ మీరే పెట్టుకోండి.