పీఎల్‌సీ (మెషీన్ను నడిపే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామ్‌లో ఇన్‌పుట్లను నేరుగా వాడాలా, ముందు ఒకచోట మ్యాప్ చేసుకోవాలా?

మ్యాప్ చేసుకోవాలి. అంటే సెన్సర్లు, స్విచ్‌ల నుంచి వచ్చే ఇన్‌పుట్లను ఒకేచోట మెమరీ బిట్లలోకి కాపీ చేసి, మిగతా ప్రోగ్రామంతా ఆ బిట్లనే వాడాలి. "ఇరవై ఇన్‌పుట్లున్న చిన్న మెషీనుకు అంత హంగామా ఎందుకు" అని అడిగారు. చిన్న మెషీన్లకే ఇది ఎక్కువ అవసరం. వాటిని చూసుకోవడానికి ఇంజినీరు ఉండడు, రాత్రిపూట నాలాంటివాడికి ఫోన్ వస్తుంది.

మాది గుణుపురం. ఇటు రాయగడ నుంచి అటు పర్లాకిమిడి దాకా మిల్లుల్లో ప్యానెల్ పనులు చేస్తుంటాను. ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ధాన్యం ఎలివేటర్ ఆగిపోయింది. చూస్తే, ఎలుకలు కేబుల్ ట్రే మీద పడి షాఫ్ట్ తిరుగుతోందో లేదో చెప్పే సెన్సర్ వైరునూ మోటారు వైరునూ కలిపి కొరికేశాయి. 230 వోల్టులు 24 వోల్టుల ఇన్‌పుట్‌లోకి వెళ్లి ఐ124.3 అనే ఇన్‌పుట్ ఛానెల్ కాలిపోయింది. ఆ పీఎల్‌సీ సీమెన్స్ 314సీ. ఇన్‌పుట్లు సీపీయూలోనే కలిసి ఉంటాయి, కార్డు ఒక్కటే తీసి మార్చడానికి లేదు. సీపీయూ విశాఖ నుంచి రావాలి. తొట్టెలో నానిన ధాన్యమేమో పులిసిపోతుందని సావుకారుకు టెన్షన్.

ఖాళీగా ఉన్న ఐ125.6కి వైరు మార్చాం. ప్రోగ్రామ్‌లో పాత అడ్రస్ ఉన్న చోటల్లా కొత్తది పెట్టేందుకు సాఫ్ట్‌వేర్‌లో రీవైర్ ఆప్షన్ ఉంది, అదీ చేశాను. ఎలివేటర్ స్టార్టయింది, ఐదారు సెకన్లకే ట్రిప్. మళ్లీ స్టార్ట్, మళ్లీ ట్రిప్. "బాబూ, షాఫ్ట్ తిరుగుతూనే ఉంది కదా, ఎందుకు ఆగిపోతోంది?" అని ఫిట్టర్ అడుగుతుంటే, నేను బిట్ల విలువలు అప్పటికప్పుడు చూపించే వేరియబుల్ టేబుల్ తెరిచి చూశాను. షాఫ్ట్ తిరిగినప్పుడల్లా 125.6 వెలిగి ఆరుతోంది. ట్రిప్ టైమర్ చూసే మెమరీ బిట్ ఎం20.3 మాత్రం సున్నా దగ్గరే ఉంది. రాసిన మహానుభావుడు ఒక మూల ఐబీ124 బైటు మొత్తాన్ని, అంటే ఐ124.0 నుంచి 124.7 దాకా ఎనిమిది ఇన్‌పుట్లనూ, ఎంబీ20 మెమరీ బైటులోకి కాపీ చేశాడు. మిగతా చోట్ల నేరుగా ఐ124.3 వాడాడు. బిట్లను మార్చే రీవైర్‌కు బైటు కాపీ పట్టదు. ఆ కాపీ కింద, 125.6ను ఎం20.3కి పంపే ఒక్క లైను రాశాను, ఎలివేటర్ నడిచింది. అన్ని చోట్లా ఎం20.3నే వాడి ఉంటే మొదట్లోనే ఆ ఒక్క లైనుతో అయిపోయేది.

కామెంట్లు చూసుకోవచ్చు కదా అంటారేమో. ప్యానెల్ కట్టినవాళ్లు అసలు ఫైలు ఇవ్వరు. ఎస్7-300 సీపీయూ నుంచి అప్‌లోడ్ చేస్తే సింబల్ పేర్లూ, కామెంట్లూ రావు, ఎముకలే వస్తాయి. లక్షలు పోసి ప్యానెల్ కొన్న సావుకారుకు సొంత ప్రోగ్రామ్ మీద హక్కు లేదు. ఇదేం న్యాయమో!

మ్యాప్ బ్లాకులోనే ఇంకో పని కూడా ముగించండి. ఎమర్జెన్సీ స్టాప్ ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే కాంటాక్ట్) వైరింగ్ కాబట్టి 1 అంటే బాగున్నట్టు. లెవెల్ స్విచ్ ఒకటి ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది), ఒకటి ఎన్‌సీ ఉంటుంది. ఆ తిరకాసులన్నీ అక్కడే సరిచేసి, 'తొట్టి నిండింది' అని పేరు పెడితే 1 అంటే నిండినట్టే ఉండాలి. ధాన్యం తగిలి టపటపలాడే స్విచ్‌కు డిబౌన్స్ టైమర్ (సిగ్నల్ కాసేపు నిలిస్తేనే లెక్కలోకి తీసుకునేది) కూడా అక్కడే.

స్కాన్ టైమ్ (ప్రోగ్రామ్ మొత్తం ఒకసారి తిరగడానికి పట్టే సమయం) పెరుగుతుందనేవాళ్ల మాట వినకండి. ఇరవై బిట్ల కాపీకి మైక్రోసెకన్ల లెక్క. అలెన్ బ్రాడ్లీ కాంపాక్ట్‌లాజిక్స్‌లో అయితే స్కాన్ మధ్యలోనే ఇన్‌పుట్ మారిపోవచ్చు. పై రంగ్‌లో (ప్రోగ్రామ్ లైనులో) 1, కింది రంగ్‌లో 0 కనిపిస్తుంది. అక్కడ మ్యాపింగ్ తప్పదు.

మీ పీఎల్‌సీ డెల్టా డీవీపీ అన్నారు. ఎక్స్‌లను (ఇన్‌పుట్లను) ఎంలలోకి (మెమరీ బిట్లలోకి) తీసుకోండి, కానీ ఎక్స్‌లను ఆక్టల్‌లో, అంటే 0 నుంచి 7 దాకా అంకెలతోనే, లెక్కపెడతారు. ఎక్స్7 తర్వాత వచ్చేది ఎక్స్10. ఎక్స్8 కోసం వెతక్కండి.